మస్తాన్‌బీ చేతులూ, రేకు కూలరూ

మా వీధిలో మిక్సీ మొరాయించినా, ఫ్యాను మూలిగినా ముందు మస్తాన్‌బీ గుమ్మం ఎక్కాల్సిందే. కరెంటు పనిచేసే బుడాన్ ఆ తర్వాతే. ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. మొగుడు పోయాక ఇంట్లో పాడైనదాన్ని చూసే దిక్కులేక స్క్రూడ్రైవర్ పట్టింది, చెయ్యి కుదిరింది. లూజు ఎక్కడుందో కళ్లకంటే ముందు తన వేళ్లకు తెలుస్తుందని గొప్పగా చెప్పుకునేది.

పగలు మాత్రం ఆ వేళ్లు గుంటూరు మిర్చి గోడౌన్లో కాయలకు తొడిమలు తీస్తాయి. చీరమీద మొగుడి పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని కూర్చుంటుంది కాబట్టి మోచేతులకు ఘాటు అంటదు. అరిచేతులు మాత్రం ఇంటికొచ్చాక కూడా నిప్పుల్లా మండుతూనే ఉంటాయి. అందుకే పురిటికొచ్చిన కూతురు నాజియా బిడ్డను ఆమె అరిచేత్తో తాకదు. మోచేతుల మీద పడుకోబెట్టుకుంటుంది.

ఆ సాయంత్రం ఆమె ఆటో దిగేసరికి లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఒళ్లంతా చెమటకాయలు. వసారాలో కిటికీకి ఆనించిన రేకు కూలరు వేడిగాలి కొడుతోంది. పంపు తిరగట్లేదు, గడ్డి ఎండిపోయింది.

"బుడాన్ మామకి ఫోన్ చేశానమ్మా. చీరాల్లో పెళ్లిలో ఉన్నాడంట. పొద్దున్నే వస్తానన్నాడు," అంది నాజియా.

"పొద్దుటిదాకా పిల్ల ఉడికిపోవాలా?"

"నువ్వు ముట్టుకోమాక. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉండే వస్తువు."

"ఏమే, నీ పెళ్లికి ఆరిపోయిన సీరియల్ లైట్లు వెలిగించింది ఎవరు, నీ బుడాన్ మామా?"

పక్కింటి సర్దార్‌బీ గోడమీంచి తొంగిచూసింది. "విప్పుతున్నావా మస్తానక్కా? ఉండు, కుర్చీ తెచ్చుకుంటా. టీవీలో ఎటూ ఏం లేదు."

ఇక ఆగుతుందా? చేతులు మరీ మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని, ప్లగ్గు పీకి, పక్క రేకు ఊడదీసింది. పంపు వైరు మడతపడిన చోట తెగింది. బ్లేడుతో చివరలు గీకి, మెలేసి, టేపు చుట్టింది. నూనె చేతులకు టేపు జారింది. మళ్లీ చుట్టింది. మామూలుగా అయితే వేలితో నొక్కి, లాగి చూసుకునేది. ఆ రోజు మంట తప్ప వేళ్లకు ఏమీ తెలియలేదు. 'అంటుకుందిలే' అనుకుంది.

ప్లగ్గు పెట్టగానే పంపు గుడగుడమంది. గడ్డి తడిసింది. కాసేపటికి లోపల పిల్ల ఏడుపు ఆగింది.

"అమ్మమ్మంటే నువ్వక్కా!" అంది సర్దార్‌బీ.

మస్తాన్‌బీ మురిసిపోయి కూలరును తట్టింది. అరిచెయ్యి జిల్లుమంది. 'పాడు కాయ, ఇంకా వదల్లేదు' అని తిట్టుకుని చెయ్యి చొక్కాకి తుడుచుకుంది. మళ్లీ తాకింది, మళ్లీ జిల్లు. పట్టించుకోలేదు.

"నాజియా, తొట్టి సగమే ఉంది. బిందెడు నీళ్లు పట్రా!"

తనేమో చొక్కా చేతులు పైకి మడుచుకుని, నీళ్లు ఎంతవరకున్నాయో వంగి చూసింది. ఎడమ మోచెయ్యి రేకుకు తగిలింది.

జిల్లుమంది.

మస్తాన్‌బీ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మోచేతికి మిరపకాయ తగిలింది ఎప్పుడు? ఇది కరెంటు. తన కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి, అందుకని జిల్లుతో సరిపోయింది.

తలెత్తేసరికి నాజియా గుమ్మంలోంచి వస్తోంది. వట్టి కాళ్లు. ఒక చంకలో పిల్ల, ఇంకో చంకలో బిందె. బిందె తొణికి దారంతా తడి.

"ఆగు! అడుగెయ్యమాక!"

నాజియా పామనుకుంది. బిందె వదిలేసి పిల్లను గుండెకు అదుముకుని గోడకు అంటుకుపోయింది. మస్తాన్‌బీ ఆమెను దాటి లోపలికి పరుగెత్తి మెయిన్ దించేసింది. కూలరు మూగబోయింది. పిల్ల మళ్లీ ఏడుపు అందుకుంది.

"ఏమైందమ్మా? కరెంటు పోయిందా?"

అవునంటే సరిపోయేది. గుట్టుగా ఇంకోసారి విప్పి, టేపు గట్టిగా చుట్టేస్తే మూడోకంటికి తెలియదు. స్క్రూడ్రైవర్ ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

"ఫ్యూజు పోయుంటే నువ్వే చూడమ్మా," అంది నాజియా, పిల్లను ఊపుతూ. "నీకొచ్చుగా."

మస్తాన్‌బీ అరిచేతులు చూసుకుంది. ఎర్రగా, నూనెతో నిగనిగలాడుతున్నాయి. ఇన్నేళ్లూ వీటినే నమ్ముకుంది. ఇందాక అవి రెండుసార్లు చెప్పాయి, తను మిరపకాయ అనుకుంది. ఇప్పుడు ఇంకో ముడి వేస్తే అది బిగిసిందో లేదో చెప్పేదెవరు?

స్క్రూడ్రైవర్ తీసి గూట్లో పెట్టింది. కూలరు ప్లగ్గు పీకి, అప్పుడు మెయిన్ ఎత్తింది. ఫోన్ అందుకుని, గోడవతలి సర్దార్‌బీకి కూడా వినపడేంత గొంతుతో చెప్పింది:

"ఒరే బుడానూ, నేను వైరు కలిపితే కూలరు బాడీకి కరెంటొస్తోందిరా. పెళ్లిభోజనం అవగానే బయల్దేరు."

నాజియా తడి నేలవైపు, తన కాళ్లవైపు చూసుకుంది. సర్దార్‌బీ నవ్వలేదు. లోపలికెళ్లి విసనకర్ర తెచ్చి గోడమీంచి అందించింది.

మస్తాన్‌బీ మోచేతులు రెండూ సబ్బుతో కడిగి చాపింది. ఇస్తుందో ఇవ్వదో అనుకుంది. నాజియా పిల్లను వాటిమీద పడుకోబెట్టి, తను విసరడం మొదలుపెట్టింది.