వడియాల పక్కన ఆంటెన్నా

ముదలియార్‌పేటలో సాయంత్రం పూట లుంగీ ఎగ్గట్టి, కొలిచే స్టీలు టేపు ముక్కలు బిగించిన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆంటెన్నాగా ఆకాశంలోకి గురిపెట్టి మిద్దె మీద నిలబడే మనిషి జి. తిరుమలై. బస్సు వర్క్‌షాపులో డ్యూటీ దిగగానే మిద్దెక్కుతాడు. అంతరిక్ష కేంద్రం తలమీదుగా పోయేటప్పుడు అందులోవాళ్ళ మాట చేతి రేడియోలో వినాలని అతని ఆశ. ఇన్నాళ్ళూ వినబడింది గరగర శబ్దమే. ఎడమ కన్ను మూస్తేనే చెవి బాగా పనిచేస్తుందని అతని నమ్మకం. ఆరేసిన వడియాలు తొక్కుతాడని అతని వదిన సుందరవల్లికి మంట.

నిన్న కూడా ఆమె వడియాల చాపకు కాపలాగా నిలబడి, "ఏంది తిరుమలై, యాడ వస్తా ఉంది నీ మాట? రేపట్నించి మిద్దె ఎక్కబాక" అంది. అతను ఎడమ కన్ను మూసి గొట్టాన్ని మెల్లగా తిప్పాడు. గరగర తెగి, ఒక ఆడమనిషి గొంతు ఇంగ్లీషులో నవ్వుతూ, పైన తామెలా నిద్రపోతారో బడిపిల్లలకు చెప్పసాగింది. అంతలో నీళ్ళ ట్యాంకు అడ్డొచ్చి గొంతు సన్నబడింది. పక్కకు జరుగుదామంటే వడియాలు. సుందరవల్లే వంగి చాపను సర్రున లాగేసింది. "రా, ఇట్టా రా! పోనీబాక ఆయమ్మను!"

గొంతు మళ్ళీ ఖంగుమంది. పక్క మిద్దెలవాళ్ళు కూడా తలలెత్తారు. తిరుమలై గర్వంగా వదిన వైపు చూశాడు. చెదిరిన వడియాల మధ్య నిలబడి, ఆమె ఎడమ కన్ను గట్టిగా మూసుకుని వింటోంది.