రెండు జేబుల చొక్కా

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా ఈ ఇంటికి అధికారులుగా వచ్చిన ముగ్గురు డిగ్రీల మేడములకు పని నేర్పింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజం గనక చెబుతున్నాను. గొప్ప కోసమైతే ఇంకా చాలా ఉన్నాయి.

మొగుడి దెబ్బలు తాళలేక కట్టుబట్టలతో బయటికొచ్చి, నిలువ నీడ లేనివాళ్లకు నీడ ఈ ఇల్లు. పంతొమ్మిదేళ్లలో నా చేతుల మీదుగా నాలుగు వందల పన్నెండు మంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని తమ దారి తాము చూసుకున్నారు. గుమ్మానికి బోర్డు లేదు. ఈ వీధికి ఇది నా సొంతిల్లు, వచ్చిపోయేవాళ్లంతా నా మేనకోడళ్లు. ఇంతమంది మేనకోడళ్లున్న ఆడదాన్ని ఈ వీధి ఎన్నడూ చూసి ఉండదు. లోపల మాత్రం అందరికీ నేను పెద్దమ్మను.

ఇంటి గుట్టు బయటపడకుండా ఆఫీసువాళ్లు ఇరవై నియమాలు రాసి గోడకు అంటించారు. ఇరవై ఒకటోది నాది. మేడ మీద తాడుకు ఎప్పుడు చూసినా ఆడవాళ్ల బట్టలు, పిల్లల గౌన్లే వేలాడుతుంటే దారినపోయే దానయ్యకైనా సంగతి అర్థమైపోతుంది. అందుకని రోజూ రెండు మగ చొక్కాలు, ఒక ప్యాంటు తాడు మీద ఉండాలి. మొదట్లో మా ఆయనవే వేశాను. బతికున్నన్నాళ్లూ పూచికపుల్ల పక్కన పెట్టని మనిషి. పోయాక ఆయన చొక్కాలు తొమ్మిదేళ్లు ఒక్క సెలవు పెట్టకుండా ఉద్యోగం చేశాయి. అవి చీకిపోయాక, ఎక్కడ మగ చొక్కా కనబడితే అక్కడ అడిగి తెచ్చేదాన్ని. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దావిడ ఈ ఉపాయం విని నోరెళ్లబెట్టి, చిన్న పుస్తకంలో రాసుకుంది. నా పేరు కూడా రాసుకుందో లేదో తెలియదు, కళ్లజోడు లోపలుండిపోయింది.

అంతటి తెలివిగలదాన్నీ ఒకసారి చేజేతులా కొంప ముంచబోయాను.

ఆ వారం ఒక దర్జీ పిల్ల వచ్చింది. మొగుడు ఇంట్లో ఉండగానే, ఆరేసిన బట్టలన్నీ మూటకట్టి, ఇస్త్రీకి ఇచ్చొస్తానని చెప్పి, ఆ మూటతోనే బస్సెక్కింది. వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. పడుకోబెట్టి, మూట విప్పి నేనే ఉతికాను. అందులో నీలి గీతల మగ చొక్కా ఒకటి కనబడింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడి తీసుకెళ్లి తాడు మీద వేశాను. ఎవరిదై ఉంటుందన్న ప్రశ్న నాకు తట్టలేదు. అన్ని వందల మందిని గట్టెక్కించిన బుర్ర అది.

మూడో రోజు పొద్దున పక్కింటికి నీళ్ల క్యాన్లు వేయడానికి ఒక బండివాడు వచ్చాడు. క్యాను భుజాన ఉండగానే తలెత్తి మా మేడ వంక చూశాడు. క్యాను దించి మా గేటు దగ్గరికి వచ్చాడు.

"మామ్మగారూ, ఆ గీతల చొక్కా ఎవరిది?"

"మా ఆయనది. ఏం?"

"నాదది. జేబు కుడివైపుంది చూడండి. నాది ఎడమచేతి వాటమని మా ఆవిడ అలా కుట్టింది. నాలుగు రోజులైంది అది ఇంట్లోంచి పోయి."

వీడే ఆ దర్జీ పిల్ల మొగుడని అప్పుడు వెలిగింది నాకు. నోరు మాత్రం ఆగలేదు.

"లోకంలో ఎడమచేతివాడివి నువ్వొక్కడివేనా నాయనా? మా ఆయనదీ పుర్రచెయ్యే."

"అయితే ఆయన్ని పిలవండి."

"స్నానానికి వెళ్లాడు."

"వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. లేదా ఆ చొక్కా తెచ్చి చూపించండి. నాది కాకపోతే నా దారిన నేను పోతా."

పోలీసులకు ఫోన్ చేయొచ్చు. కానీ చొక్కా అడిగినందుకు పోలీసుల్ని పిలిచే ఇల్లు మామూలు ఇల్లు కాదని వాడికి వెంటనే తెలిసిపోతుంది. గేటు గడియ వేసి, మేడెక్కి చొక్కా లాక్కుని లోపలికి వచ్చాను. దర్జీ పిల్ల తలుపు చాటున నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులు కూడా వేసేసుకుంది.

"వెళ్లిపోతా పెద్దమ్మా. వాడు అరిస్తే వీధంతా చేరుతుంది. నా ఒక్కదాని కోసం మిగతావాళ్లు ఎక్కడికి పోతారు?"

"నోర్ముయ్. పంతొమ్మిదేళ్ల పేరు నాది, నీ చెప్పులకింద పెట్టి తొక్కుతావా?"

వంటావిడ గరిటెతో సహా వచ్చింది. "ముందు ఆ చొక్కా సంగతి చూడండే తల్లీ, పౌరుషాలు తర్వాత!"

పిల్ల చొక్కా వంక చూసింది. మూలనున్న కుట్టుమిషను వంక చూసింది. చెప్పులు విడిచేసింది.

"పది నిమిషాలు ఆపగలరా?"

మా వంటావిడది ఫోన్లో అందరూ "సార్" అని పిలిచే గొంతు. స్నానాల గదిలో దూరి, కుళాయి బార్లా తిప్పి, గట్టిగా కేకేసింది: "ఏమేవ్! నా చొక్కాతో ఎవడికే పని? సబ్బెక్కడ చచ్చింది?"

"గూట్లోనే ఉంది! కళ్లు తెరిచి చూడండి!" అని గేటు దగ్గర్నుంచి నేను.

"గూట్లో నీ దువ్వెనుంది!"

"అయితే దువ్వెనతోనే రుద్దుకోండి!"

బండివాడికి కూడా నవ్వొచ్చింది. "మా ఇంట్లో ఇలా ఎదురు మాట్లాడితేనా!" అన్నాడు. ఏం చేస్తాడో ఆ పిల్ల మోచేతి మీద చూశాను గనక నేను అడగలేదు. కుళాయి మోత, వంటావిడ కేకలు, నా అరుపుల కింద మిషను చప్పుడు కలిసిపోయింది. మా ఆయన ఉన్నప్పుడు కూడా ఇంత బాగా పోట్లాడలేదు.

వంటింటి కిటికీలోంచి చొక్కా నా చేతికి వచ్చింది. గేటు ఊచల్లోంచి అందించాను. వాడు విప్పి చూశాడు. కుడివైపు జేబు. ఎడమవైపు ఇంకో జేబు.

"రెండున్నాయే!"

"ఒకటి కళ్లజోడుకి, ఒకటి మందుబిళ్లలకి. నీకెన్ని?"

"ఒకటే." కొత్త జేబును బొటనవేలితో తడిమాడు. వెనక అంచులోంచి కోసిన గుడ్డ అది. గీతకు గీత అతుకు తెలియకుండా కలిసింది. "నాది కాదులెండి. మా ఆవిడకి ఇంత పనితనం ఎక్కడిది? సూదిలో దారమే ఎక్కించలేదు. ఎవరు కుట్టారు?"

"నేనే" అన్నాను. నోటికి అలవాటైపోయింది మరి.

చొక్కా తిరిగిచ్చేసి బండెక్కి పోయాడు.

వాడు పోయినా మేము ఊరుకోలేదు. మేడమ్‌కి ఫోన్ చేస్తే, మధ్యాహ్నానికల్లా ఆ పిల్లను దూరంగా ఇంకో ఇంటికి పంపే ఏర్పాటైంది. తప్పు నాదేనని రిజిస్టరులో నేనే రాశాను, అక్షరం తప్పు లేకుండా. తాడు మీద వేసే ముందు చొక్కా ఎవరిదో అడగాలన్నది ఇరవై రెండో నియమం. అదీ నాదే.

కారెక్కుతూ ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"ఆరేళ్ల కాపురంలో నా కుట్టు బాగుందని ఇప్పటికి అన్నాడు పెద్దమ్మా. అదీ నువ్వు కొట్టేశావు!"

"పోనీ పిలిచి చెప్పనా?"

"అమ్మో, వద్దులే. నువ్వే ఉంచుకో." ఇంటికొచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

ఆ చొక్కా ఇప్పటికీ తాడు మీదే ఉంది. తీసేస్తే వాడికి అనుమానం రాదూ? పనితనం బాగుందని ఎవరైనా అంటే మాత్రం, నేను కుట్టానని చెప్పడం మానేశాను. మా ఆయన కుట్టాడని చెబుతున్నాను.