ప్రార్థనకు కాపలా

చర్చి వెనక ఉన్న పిల్లల ఇంట్లో ఆమెను అందరూ బొంతలత్త అంటారు. పాత బట్టలతో బొంతలు కుట్టిపెట్టడానికి వారం రోజుల పనిమీద వచ్చింది. ఏళ్ళు గడిచినా ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. భర్త ఎప్పుడో పోయాడు, కడుపు పండలేదు. "దిక్కులేని పిల్లల్ని సాకుతున్నావు, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు" అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"దిక్కులేకపోవడమేంటి? నేను కనబడట్లేదా? గోడననుకున్నారా?"

బిస్కెట్లు పంచి, ఫొటో దిగి, "మీ అమ్మానాన్నలు ఎలా పోయారమ్మా" అని పిల్లల్ని అడిగే దయగలవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు. అలాంటివాళ్ళను ఆమె గేటు దగ్గరే ఆపేస్తుంది. "ఆ ప్రశ్న ఒక్కటీ అడగనంటే లోపలికి రండి. లేదంటే బిస్కెట్లు మీ పిల్లలకే పెట్టుకోండి."

ఇంకో పట్టింపు కూడా ఉంది. కొత్తగా వచ్చిన పిల్లల ఒంటిమీది పాత బట్టను పారేయనివ్వదు. ఉతికి, ఆరేసి, ఆ పిల్ల కప్పుకునే బొంతలో ఓ మూలన అతుకు వేస్తుంది. పాత బతుకును చెత్తబుట్టలో వేసి కొత్త బతుకు ఇచ్చామనుకోవడం ఆమె దృష్టిలో దొంగతనమే.

ఇంత తెలిసిన మనిషీ ఒక పిల్ల దగ్గర తప్పులో కాలేసింది.

ఆ పిల్లకు ఏడేళ్ళుంటాయి. పసుపుపచ్చ గౌను వేసుకుని వచ్చింది. అన్నం తింటుంది, చెప్పిన పని చేస్తుంది. సాయంత్రం ప్రార్థనలో మాత్రం కళ్ళు మూయదు. అందరూ తలలు వంచితే అది మెడ నిక్కించి గది నాలుగు మూలలా చూస్తుంటుంది. పిల్లలు దానికి గుడ్లగూబ అని పేరు పెట్టేశారు.

"అత్తా, గుడ్లగూబ కళ్ళు తెరిచింది" అని ఓ బుడతడు చాడీ చెప్పాడు.

"నీకెలా తెలిసిందిరా? నువ్వు కళ్ళు మూసుకోలేదా?"

వాడు నాలిక కరుచుకున్నాడు.

వాడి నోరు మూయించింది గానీ, ఆ పిల్లది మొండితనమే అనుకుంది బొంతలత్త. ఒక సాయంత్రం వెనకనుంచి వెళ్ళి, ప్రేమగానే, దాని కళ్ళమీద అరచెయ్యి వేసింది. "కళ్ళు మూసుకో తల్లీ, నేనిక్కడే ఉన్నాను."

పిల్ల కెవ్వుమంది. ఆ చెయ్యి కొరికేసింది. విదిలించుకుని వెళ్ళి పాటల పుస్తకాల బీరువాను గుద్దుకుంది. అద్దం పగిలి, చాడీలు చెప్పిన బుడతడి కాలికి గాజుపెంకు గుచ్చుకుంది.

మర్నాటికి ఆ కబురు సంఘ పెద్ద చెవిన పడింది. "మిగతా పిల్లలకు ప్రమాదం. దూరంగా పెద్ద హాస్టల్ ఉంది, అక్కడికి పంపేద్దాం. ఆదివారం వస్తాను, కళ్ళారా చూసి తేల్చేస్తాను" అన్నాడు. పంపేయడమంటే ఆ పిల్లను ఇంకోసారి అనాథను చేయడమేనని బొంతలత్తకు తెలుసు. దానికి కారణం తన చెయ్యేనని కూడా తెలుసు.

పిల్లల మనసు తెలుసుకుని మాట్లాడటానికి వారానికోసారి వచ్చే కౌన్సిలర్ మేడమ్ పంటిగాట్లు చూసింది. "ఎందుకు కొరికావని దాన్ని అడక్కండి అత్తా. పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి. రావాల్సిన మాట దానంతటదే వస్తుంది."

బొంతలత్త వరండాలో కూర్చుని కుట్టింది. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయానని రోజూ అబద్ధం ఆడింది. పిల్ల సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. శనివారం పసుపుపచ్చ అతుకు కుడుతుంటే, ఆ గుడ్డమీద వేలు పెట్టి నెమ్మదిగా అంది. "అమ్మ కూడా నీలాగే అంది."

ఏమందని అడగబోయి బొంతలత్త పళ్ళ బిగువున ఆగింది.

"కళ్ళు మూసుకో తల్లీ, నేనిక్కడే ఉన్నాను అంది. జ్వరంగా ఉంది అమ్మకి. నేను మూసుకున్నా. తెరిచేసరికి అక్కడే ఉంది. కానీ లేదు."

సూది ఆగిపోయింది. అమ్మ దేవుడి దగ్గరుంది అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అది నిజమని ఆమె నమ్ముతుంది. అయినా మింగేసింది, ఇప్పుడు ఈ పిల్లకు కావాల్సిన నిజం వేరు.

"నువ్వు కళ్ళు మూసినందుకు పోలేదమ్మా. జబ్బు చేసి పోయింది."

పిల్ల నమ్మినట్టు కనబడలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. అతుకు పూర్తయ్యేదాకా అదే చెబుతూ కూర్చుంది.

ఆదివారం సాయంత్రం సంఘ పెద్ద వచ్చి ముందు బెంచీమీద కూర్చున్నాడు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే బొంతలత్త లేచింది. "ఈ పూట అందరం కళ్ళు తెరుచుకునే ప్రార్థిద్దాం."

"ఇదెక్కడి పద్ధతి చెల్లెమ్మా?" అన్నాడు సంఘ పెద్ద.

ఆమె చెప్పేలోపే పాస్టరు గారు అందుకున్నారు. "ప్రభువు స్నేహితుడి సమాధి దగ్గర కళ్ళు పైకెత్తే కదా ప్రార్థించాడు పెద్దన్నా. పోయిన నెల ఆ వాక్యమే చెప్పాను."

"నేనూ విన్నాను."

"విన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు."

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దాయన మూతి బిగించాడు. "నవ్వులాటలు సరే. నాది అరవై ఏళ్ళ అలవాటు. కళ్ళు తెరిస్తే నాకు ప్రార్థన రాదు."

"మీరు మూసుకోండి తాతయ్యా" అంది వెనక బెంచీలోంచి ఆ పిల్ల. "నేను చూస్తుంటా."

"ఏం చూస్తావు?"

"ఎవరూ పోకుండా."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన బొంతలత్త వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. పిల్ల బెంచీ ఎక్కి నిలబడింది. ప్రార్థన జరిగినంతసేపూ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది.

ఆమేన్ అన్నాక ఆయన వెనక్కి తిరిగాడు. "అందరం ఉన్నామా?"

"ఉన్నారు."

ఆయన ముక్కు తుడుచుకుని లేచాడు. "బీరువాకి అద్దం బిగించేవాణ్ణి రేపు పంపిస్తాను."

"మరి పిల్ల సంగతి అన్నయ్యగారూ?"

"కాపలా మనిషిని పంపించేసుకుంటారా ఎవరైనా?"

ఇప్పుడా ఇంట్లో ప్రతి ప్రార్థనకూ ఒకరు కాపలా ఉంటారు. వంతులకోసం కొట్టుకుంటారు కూడా, కాలికి గాజుపెంకు గుచ్చుకున్న బుడతడైతే మరీను. మొన్న బొంతలత్త వంతు వచ్చింది. పిల్ల ఆమెను ఎగాదిగా చూసి, ఒక కన్ను మూసింది. రెండోది తెరిచే ఉంచింది.

"తొందరేముంది" అంది బొంతలత్త.