మెడలో అట్ట

అట్ట మెడలో వేశాక, పురికొస ఒరుసుకోకుండా వెనక రెండు వేళ్ళతో సర్దేవాడు గెంగ్ మాస్టారు. ప్రతిసారీ అంతే.

అది చైనాలో పంతొమ్మిదివందల ఎనభై మూడు. మా థర్మాస్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగాక ఇంగ్లీషు క్లాసు. అట్టకు ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు చైనీస్ అర్థం. అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళమీద మిగతావాళ్ళు తలా ఒక వాక్యం చెప్పాలి. కూర్చున్న వరసలో వంతులు. ఒకసారి నాకు "సోమరి" వచ్చింది.

"దీనికి అర్థం రాయక్కర్లేదు మాస్టారూ, మా దూ అన్న నిలబడితే చాలు!" అన్నాడు ఒకడు నన్ను చూపిస్తూ.

ఆ రోజు మాట డెస్పికబుల్.

"కోపం వేరు, ఇది వేరు," అన్నాడు గెంగ్. "మనిషిని చూసి మొహం తిప్పుకోవాలనిపిస్తుందే, అది. నీచమైన. ఊరికే వాడకండి."

వంతు క్యాంటీన్‌లో వండే లువాన్ అక్కది. ఆమెకు యాభై దాటాయి.

"రా అక్కా, ఆటకేగా," అని పిలిచాడు గెంగ్.

పురికొస మెడకు తగలగానే ఆమె చేతులు పక్కలకు దించి, తల వంచి, నడుం దాకా వంగింది. ఎవరూ చెప్పలేదు. అలాగే ఉండిపోయింది.

నవ్వబోయిన నోళ్ళు మూతపడ్డాయి. అరవై ఆరులో, సాంస్కృతిక విప్లవం రోజుల్లో, "వర్గశత్రువు" అని రాసిన అట్టలు మెడలో వేసి మనుషుల్ని వేదికలమీద అలాగే వంచారు. మేమందరం చూసినవాళ్ళమే.

"చెప్పండి వాక్యాలు," అంది నేలకేసి చూస్తూ. "నా వంతేగా."

గెంగ్ అట్ట తీసేశాడు. క్లాసు అక్కడితో ఆగింది.

ఇంటిదారిలో గెంగ్ నన్ను అడిగాడు. "మనం చదివిన బడిలో అప్పుడు నేనెన్ని అట్టలు రాశాను?"

"పదకొండు." అట్టలు కోసింది నేనే.

"అక్కకు చెప్పాలి."

"చెప్తే రేపటినుంచి నిన్ను మాస్టారని ఎవడు పిలుస్తాడ్రా? ఇన్నేళ్ళు ఎవరైనా నోరు విప్పారా? నీకొక్కడికే ఏం వచ్చింది?"



మర్నాడు పొద్దున క్యాంటీన్‌లో గంజి వరసలో గెంగ్ నాకు ముందు నిలబడ్డాడు. కిటికీ దగ్గరికి చేరాక గిన్నె చాపలేదు.

"అక్కా, అరవై ఆరులో పదకొండుమంది మెడల్లో వేసిన అట్టలు నేను రాశాను. మా లెక్కల మాస్టారిది కూడా. నిన్నటిది పన్నెండోది. నేను చేసింది నీచం."

లువాన్ అక్క గరిటె ఎత్తి పట్టుకుంది. "వెనక జనం ఉన్నారు. గిన్నె పట్టు."

వెనక నిజంగానే జనం ఉన్నారు. "ఏమంటున్నాడు? ఏంటి ఆలస్యం?" అని అరుస్తున్నారు. నేను నా గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాను.

గెంగ్ వరసవైపు తిరిగి, వెనకవాళ్ళకు వినబడేలా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.