ఆఫ్‌సైడ్ లేని ఆటలో నా జెండా

పదవీ విరమణకు పదేళ్ల ముందు, ఒక జనవరిలో, మలేషియాలోనే సుంగై పెటాని అనే ఊరి నుంచి కౌలాలంపూర్‌లోని ఒక మాధ్యమిక పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయుడిగా బదిలీ అయ్యాను. అక్కడి బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో గది అద్దెకు తీసుకున్నాను. జీతం బడి ఇచ్చేది. గర్వపడటానికి మాత్రం నాకు వేరే పని ఉండేది. శని, ఆదివారాల్లో నేను జిల్లా లీగ్ ఫుట్‌బాల్‌లో సహాయ రిఫరీని. అంటే పక్కగీత వెంట జెండా పట్టుకుని పరుగెత్తేవాడిని. ప్రత్యర్థుల వెనక ముందుగానే చేరి నిలబడిన ఆటగాడికి బంతి అందిస్తే అది ఆఫ్‌సైడ్. వెంటనే జెండా ఎత్తాలి. ఆ పనిలో నాకంటే చురుకైన చెయ్యి ఈ దేశంలో లేదని నా అభిప్రాయం. ఇంకెవరూ ఆ మాట అన్నట్టు గుర్తు లేదు.

అదే బడిలో లెక్కలు చెప్పే లలితది సుంగై సిపుట్ అనే ఊరు. మా తెలుగువాళ్ల అమ్మాయే. సెలవు రోజుల్లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడేది. అది ఐర్లాండ్ ఆట. ఉద్యోగాల మీద ఇక్కడికి వచ్చిన కొందరు ఐరిష్ ఇంజనీర్లు, టీచర్లు కలిసి ఆ క్లబ్ పెట్టారు. మొదట్లో మనుషులు చాలక, ఆట చూడటానికి వచ్చినవాళ్లను కూడా మైదానంలోకి దింపేవారట. సొంత మైదానం లేదు. రగ్బీ మైదానం అద్దెకు తీసుకుని, ఆ స్తంభాలకే వల కట్టుకునేవారు. వచ్చినవాళ్లు రెండు మూడేళ్లకు ఇంకో దేశం వెళ్లిపోతుంటే, ఆ ఖాళీల్లో మలయ్, చైనీస్, తమిళ అమ్మాయిలు చేరారు. అలా చేరినదే లలిత కూడా. ఏటా జరిగే పోటీల్లో ఆడవాళ్ల జట్టు చాలాసార్లు ఫైనల్‌కు వెళ్లింది, ఒక్కసారీ కప్పు తేలేదు. ఆ క్లబ్ ఘనతలన్నీ రెండో స్థానాలే.

ఆ ఏడు ఫైనల్ మా నగరంలోనే జరిగింది. గోల్ దగ్గర ఇద్దరు అంపైర్లు నిలబడాలి. ఒకరు బయటినుంచి వచ్చిన ప్రత్యర్థి జట్టు తరఫున, ఇంకొకరు ఏ జట్టుకూ చెందనివారు.

“చెగూ, మీరు రావాల. జెండా పట్టినోళ్లు దొరకడం లేదు లా,” అంది లలిత. ఇక్కడ టీచర్ని చెగు అంటారు, మాట చివర ఊరికే ‘లా’ చేర్చడమూ ఇక్కడి అలవాటే. నియమాల కాగితం చేతిలో పెట్టి, “ఓపాలి సదవండి. మీ ఆటలాగ కాదు,” అని హెచ్చరించింది.

ఫుట్‌బాల్ ఏదైనా ఫుట్‌బాలేనని చెప్పి కాగితం జేబులో పెట్టుకున్నాను. మైదానానికి వెళ్లే దారిలో సగం చదివాను. ఈ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు. అడ్డకర్ర మీదుగా, స్తంభాల మధ్య నుంచి పోతే ఒక పాయింట్. తెల్ల జెండా ఎత్తాలి. కర్ర కిందుగా వల్లో పడితే గోల్, మూడు పాయింట్లు. పచ్చ జెండా ఎత్తాలి. ఆఫ్‌సైడ్ గురించి ఎక్కడా కనబడలేదు. నాకు తెలిసిన విషయం గనక కనబడకపోయినా పట్టించుకోలేదు.

అంపైర్లకు తెల్ల కోటు ఉండాలన్నారు. మా బడి ప్రయోగశాల నుంచి ఒకటి తెచ్చుకున్నాను. రెండో స్తంభం దగ్గర, వచ్చిన జట్టు తరఫున, ఒక నడివయసు ఆవిడ నిలబడింది. పచ్చ జెండా ఆవిడకు, తెల్లది నాకు ఇచ్చారు. ఆవిడ అడగకపోయినా నా ఇరవై ఏళ్ల అనుభవం గురించి వివరంగా చెప్పాను. ఆవిడ మర్యాదగా విన్నది.

రెండో సగంలో లలిత జట్టు మా గోల్ వైపు ఆడసాగింది. ఆమె దగ్గరికి వచ్చినప్పుడు, “బాగా ఆడుతున్నావమ్మా,” అన్నాను. వచ్చిన జట్టు కెప్టెన్ నావైపు తిరిగి చూసింది.

ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. లలిత వాళ్లు రెండు పాయింట్లు వెనకబడ్డారు. ప్రత్యర్థులందరి వెనక లలిత ఒంటరిగా నిలబడి ఉంది. దూరం నుంచి వచ్చిన బంతిని పట్టుకుని, నేలబారుగా తన్నింది. బంతి వల్లో పడింది. నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. చేతిలో ఉన్నది తెల్ల జెండా. అంటే ఒక పాయింట్.

లలిత నా దగ్గరికి వచ్చింది.

“ఏటి చెగూ ఇది? వల్లో పడినాది కదా.”

“ఆఫ్‌సైడ్,” అన్నాను, ఎంతో హుందాగా.

“మా ఆటలో ఆఫ్‌సైడే లేదు.”

దూరం నుంచి రిఫరీ పరుగెత్తుకొస్తున్నాడు. ఇప్పుడు మాట మారిస్తే మా భాష అమ్మాయిని గెలిపించానంటారు. బంతి కర్ర మీదుగా పోయిందని చెప్పేస్తే నా పరువు దక్కుతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ వాక్యం ఇంగ్లీషులో సిద్ధం కూడా చేసుకున్నాను. రిఫరీ వచ్చేసరికి లలిత ఇంకా నా మొహంలోకే చూస్తోంది. బంతి వల్లో పడిందని, నేను ఎత్తింది తప్పు జెండా అని చెప్పాను.

ఆ అమ్మాయి మీకు చుట్టమా అని కెప్టెన్ అడిగింది. కాదు, ఒకే బడి, ఒకే భాష అన్నాను. చుట్టమని చెప్పినా ఇంతకంటే నయంగా వినిపించేదేమో.

రిఫరీ పచ్చ జెండా పట్టుకున్న ఆవిడను అడిగాడు. తన జట్టే ఓడిపోతుందని ఆవిడకు తెలుసు. బంతి వల్లో పడటం చూశానని, పచ్చ జెండా ఎత్తబోయి, అంత అనుభవం ఉన్న మనిషి ఊరికే తెల్లది ఎత్తడని ఆగిపోయానని చెప్పింది. తర్వాత పచ్చ జెండా ఎత్తింది. మిగిలిన నిమిషాలూ లలిత వాళ్లు ఆ ఒక్క పాయింట్ తేడా నిలుపుకున్నారు. క్లబ్‌కు అది మొదటి కప్పు.

ఓడిన కెప్టెన్ నాకు తప్ప అందరికీ చెయ్యి కలిపింది. తిరిగి వచ్చేటప్పుడు లలిత, “మీరు రాకపోయుంటే కంగారు లేకుండా గెలిసేవోళ్లం చెగూ,” అంది.

నా చెయ్యి కంటితో చూసినదాన్ని బట్టి కాక అలవాటును బట్టి లేస్తోందని నాకు ఆరోజు తెలిసింది. నా అనుభవం గురించి విన్నందుకు పక్కనున్న మనిషి తన కళ్లనే అనుమానించింది. అది నేను చేసిన అంతకంటే పెద్ద తప్పు. అప్పటినుంచి ఆటకు ముందు నా సర్వీసు సంగతి ఎవరికీ చెప్పలేదు. లీగ్ మ్యాచ్‌ల్లోనూ పూర్తిగా చూశాకే జెండా ఎత్తాను. ఆ సీజన్ చివర, రిఫరీల పనికి మార్కులు వేసే పరిశీలకుడు నా నివేదికలో ‘నిర్ణయంలో ఆలస్యం’ అని రాసి రెండు మార్కులు తగ్గించాడు. అభ్యంతరం ఉంటే రాయమని ఫారం ఇచ్చాడు. నేను దాన్ని నింపలేదు.