సగం పలికిన గన్నవరం

ముమ్మిడివరం ఇంటర్నెట్ ఆఫీసులో వెంకటదుర్గ రోజూ టీ అయినా తాగకముందే కంప్యూటర్లో పొరుగు ఊళ్ల రౌటర్ల లిస్టు తెరిచి, ఒక్కో పేరు మీద వేలు పెట్టి చూస్తుంది. ఆ రౌటర్లు పది సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. పలకరింపు అందితే పేరు ఉంటుంది, అందకపోతే పోతుంది. ఆవిడకు తెలిసింది అంతే. మొన్న జూలైలో ఒకరోజు పి.గన్నవరం పేరు ఉంది గాని, దాని పక్కన ఎప్పుడూ చూడని మాటొకటి కనిపించింది. అక్కడ నెట్ ఆగిపోయింది. ఇంజినీరింగ్ సీట్ల ఆప్షన్లకు ఆ సాయంత్రం అయిదింటితో గడువు సరి. గన్నవరం నెట్ సెంటర్లో ఇరవై మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు.

అక్కడి ఆఫీసు చూసే నాగసతీష్‌కి ఫోను చేసింది. "మా లిస్టులో మీ ఊరే లేదండీ," అన్నాడతను. "మీ పలకరింపు మాకు వస్తోంది కదండీ, మేం మీకు కనబడకపోవడమేంటి? సరిగ్గా చూడండి." "ఆయ్, కళ్లజోడు తుడుచుకుని మరీ చూసేనండీ." ఆవిడ విసుక్కుని అతని చేత రెండుసార్లు రౌటర్ ఆపించి, మళ్లీ వేయించింది. మార్పు లేదు. అవతలి మాట తనకు వినిపిస్తుంటే, తన మాట అవతలికి ఎందుకు వినిపించదో ఆవిడకు అంతుపట్టలేదు. నాలుగు దాటాక ఏమీ తోచక లేచి, తన వెనకే ఉన్న రౌటర్ చూసింది. దానికి తగిలించిన రెండు ఫైబరు తీగల్లో అవతలి కబురు తెచ్చేది బాగానే ఉంది. ఇవతలి కబురు మోసే ఫైబరు కొస వదులై వేలాడుతోంది. ఎవరు కదిపారో తెలియదు. బిగించగానే గన్నవరం కలిసింది, పిల్లలు ఆప్షన్లు పెట్టుకున్నారు. "మా వైపే ఏదో అయ్యుంటుంది, సారీ అండీ," అన్నాడు నాగసతీష్. వెంకటదుర్గ ఫైబరు కొసను మరోసారి బిగించి, ఫోను పెట్టేసింది. అతను ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా ముందు సారీ చెబుతాడు. ఆవిడ పర్లేదండీ అంటుంది.