తిరుపతమ్మ రుచి చూసిన ముంత

గురజాల నుంచి ఆటోలో అరగంట వెళితే వచ్చే ఆ ఊళ్ళో కల్లు తాగేవాళ్ళకు రెండు నమ్మకాలున్నాయి. పొద్దున్నే తాగిన తాటికల్లు మందుతో సమానమని ఒకటి. దీని గురించి డాక్టర్లను వాళ్ళెప్పుడూ అడగలేదు, అడిగినా వినరు. లక్ష్మీతిరుపతమ్మ రుచి చూసి సరేనన్న కల్లుకు తిరుగులేదని రెండోది. మొదటి నమ్మకం వల్ల ఆ ఊళ్ళో పెద్దగా చెడిందేమీ లేదు. రెండోదే ఒక మనిషిని మింగింది.

తిరుపతమ్మ మొగుడు పిచ్చియ్య చెట్టెక్కి కల్లు గీస్తాడు. ఆమె పాకలో కూర్చుని అమ్ముతుంది. దించుకొచ్చిన ముంతలన్నీ వరసగా పెడితే, ఒక్కోదాన్లోంచి తాటాకు దొన్నెలో రెండు గుక్కలు వంచుకునేది. ముందు వాసన చూసేది. తర్వాత నాలుక మీద పోసుకుని కళ్ళు మూసుకునేది. మొదట తీపి, మధ్యలో పులుపు, మింగాక గొంతు దగ్గర ఒక సన్నటి చేదు, ఈ మూడూ వరస తప్పకుండా రావాలి. ముప్పాళ్ళలో కల్లు గీసిన ఆమె తండ్రి చిన్నప్పుడే చెప్పాడు, ముక్కు ముందు నడవాలి, నాలుక దాని వెనక నడవాలి అని. కల్లు మగచెట్టు పోతుతాడిదా, ఆడచెట్టు పెంటితాడిదా, ఏ గట్టు మీద చెట్టుది, ముంత కడిగి కట్టాడా కడక్కుండా కట్టాడా అన్నీ చెప్పేది. పందేలు కాసి ఓడిపోయినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాసన తేడా కొడితే మాత్రం ముంతెడు కల్లూ అక్కడికక్కడే పారబోసేది. పిచ్చియ్య లబలబలాడేవాడు.

"పారబోసిన కల్లేనయ్యా మన పాకకి పేరు" అనేది తిరుపతమ్మ.

నిజమే. పక్క ఊళ్ళలో కల్లులో ఏవేవో పొడులు కలుపుతారని జనం మూడు మైళ్ళు నడిచి ఇక్కడికే వచ్చేవాళ్ళు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. తిరుపతమ్మ పాకలో కల్లు తాగినా పాలు తాగినంత భరోసా.

ఆ భరోసాకు నాలుగేళ్ళ కిందట చిల్లు పడింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ జ్వరం తగిలింది. పిచ్చియ్య లేచి తిరిగాడు, ఆమె కూడా లేచింది. వాసన మాత్రం లేవలేదు. పోపు మాడితే కంటికి పొగ కనిపించాలి తప్ప ఆమెకు తెలిసేది కాదు. వాసన పోయేసరికి రుచి కూడా సగం పోయింది. అన్నీ చప్పిడి, అన్నీ ఒకటే. నెలలో వచ్చేస్తుందనుకుంది. ఏడాదిలో అనుకుంది. ఎవరికీ చెప్పలేదు, పక్కలో పడుకునే మొగుడికి కూడా చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆడదానికి ఊళ్ళో ఒక పేరు రావడమే గొప్ప. మీ నాలుకకు దణ్ణం అక్కా అని మగవాళ్ళు చేతులెత్తిన మనిషి, నా దగ్గర ఇప్పుడేమీ లేదయ్యా అని చెప్పుకోవడం అంత తేలికా? తప్పే. కానీ ఆ తప్పు మనమైతే చేసేవాళ్ళం కాదని గుండె మీద చెయ్యేసుకుని అనగలిగే వాళ్ళెందరు?

పైగా దానికో ఉపాయం దొరికింది ఆమెకు. ముంత అమ్మకానికి పెట్టేముందు నాలుగు చుక్కలు ఎల్లమ్మ తల్లికని నేల మీద వంచడం వాళ్ళ ఆనవాయితీ. ఆ చుక్కల మీదికి చీమలు వస్తే ఆ కల్లు మంచిది. రాకపోతే ఏదో వంకతో పారబోస్తుంది. చీమలకు పావుగంట పడుతుంది. ఆ పావుగంటసేపు దొన్నె నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఆలోచిస్తున్నట్టు కూర్చునేది. ఈ మధ్య తిరపతమ్మ ఇంకా నిదానించి చూస్తందిరా అని జనం మెచ్చుకున్నారు. మూడేళ్ళ కల్లు కాలాలు చీమలే ఆ పాక పేరు కాపాడాయి.

ఈ ఏడు మాఘమాసంలో పిచ్చియ్య అక్క కొడుకు పవన్, చుట్టాల పెళ్ళికని ఊరొచ్చాడు. హైదరాబాదులో సొంతంగా బీరు కాచి అమ్మే ఒక చోట పని అతనికి. మా అత్త నాలుక ముందు మీరెంత అని అక్కడి వాళ్ళ దగ్గర కోతలు కోశాడట. కొత్తగా కాచిన బీరు రెండు సీసాలు ఐసుపెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చాడు. మధ్యాహ్నం పాక ముందు నలుగురూ చేరారు.

"అత్తా, ఇది మామూలు బీరు కాదు. కావాలనే పులియబెట్టి పుల్లగా చేశారు. చేదు కోసం ఏదో తీగ పువ్వు వేస్తారు. నువ్వు చూసి ఎట్టుందో చెప్పాలి."

"కల్లు చూసేదాన్ని నాకెందుకురా మీ బీర్లు" అంది కానీ గ్లాసు అందుకుంది. వద్దంటే ఎందుకొద్దని అడుగుతారు. గోధుమపిండి కలిపిన నీళ్ళలా మసకగా ఉంది. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఒక గుక్క తాగింది.

చింతకాయ కొరికినట్టు పులుపు నాలుక రెండు పక్కలా జివ్వుమంది. దవడలు లాగాయి. మింగేసరికి గొంతు మొదట్లో చేదు, వేపపుల్ల నమిలినంత చేదు, వచ్చి నిలబడింది. నాలుగేళ్ళుగా ఏ తిండీ ఆమె నోట్లో ఇంత గట్టిగా మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుపుకేనని అందరూ నవ్వారు. ఆమె ఇంకో గుక్క తాగింది. మళ్ళీ అదే పులుపు, అదే చేదు. తల్లీ ఎల్లమ్మా, నా నాలుక నాకొచ్చింది అనుకుంది.

"చెప్పత్తా."

"పులుపు పైనుంది, చేదు అడుగునుంది. రెంటికీ మజ్జెన ఏమీ లేదురా. ఖాళీ."

పవన్ తొడ చరిచాడు. "మా బీరు కాచే ఆయన కూడా అచ్చం ఇదే మాటన్నాడు! మధ్యలో బలం చాల్లేదన్నాడు. మరి వాసన? మామిడిపండు వాసన రాలా?"

"అవునే, మామిడితాండ్ర మాదిరి గుప్పుమంటంది గదా" అన్నాడు పిచ్చియ్య, గ్లాసులో ముక్కు పెట్టి.

"వచ్చిందిలే" అంది తిరుపతమ్మ. ఎంత వాసనుందో అంతా ఆ మధ్యలోనే ఉందని, అది ఆమెకొక్కదానికే ఖాళీ అని అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆమెకు తట్టింది. కానీ ముందు నాలుక వచ్చింది, వెనక ముక్కు రాదా అని సర్దిచెప్పుకుంది. ఆశపడ్డ మనిషికి ఏదైనా సాక్ష్యమే.

మర్నాడు చీకటితోనే పిచ్చియ్య ముంతలు దించి, ఇంకో దఫా దించడానికి వెళ్ళాడు. అందులో వెంకట్రామయ్య మిరపచేను గట్టు మీద కుర్రతాడి ముంత ఒకటి వేరుగా పెట్టాడు. అది బ్రహ్మం కోసం. బ్రహ్మం నాపరాయి క్వారీలో పని చేసే మనిషి. రోజూ ఏడింటికి పనికి పోతూ ఆ చెట్టు కల్లే, దేంట్లోనూ కలపకుండా తాగిపోతాడు. తిరుపతమ్మను అక్కా అంటాడు.

ముందు రోజు సాయంత్రం వెంకట్రామయ్య చేనులో మిరపకు పట్టిన నల్లతామర పురుగుకు డ్రోనుతో మందు కొట్టించాడు. మందు కొట్టేరోజు ముందుగా కబురు చేస్తే పిచ్చియ్య గట్టు మీద చెట్లకు ముంతలు కట్టడు, ఇన్నేళ్ళుగా అదే పద్ధతి. ట్యాంకు వీపున కట్టుకుని మనిషి కొట్టే కాలంలో కబురు మరిచినా ఫరవాలేదు, మందు చెట్టు నెత్తికి అందదు. డ్రోనుకు మందు చిక్కగా కలుపుతారు. అది నడిపే కుర్రాడు గట్టు దాటించేటప్పుడు మందు ఆపకుండా చెట్టు నెత్తి మీదుగా పోనిచ్చాడు. ఆ రోజు కబురు రాలేదు. తిరుపతమ్మకు ఇదేదీ తెలియదు.

ఆమె దొన్నెలో వంచుకుంది. తీపి కొంచెం తగిలినట్టే ఉంది, పులుపు తగిలింది, మింగాక చేదు తగిలింది. నిన్నటి చేదులాగే నిలబడింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అమ్మవారికి నాలుగు చుక్కలు వంచింది కానీ చీమల కోసం కూర్చోలేదు. నాలుక తిరిగొచ్చాక చీమలతో ఏం పని?

బ్రహ్మం ముంత ఎత్తి, ఆగాడు.

"అక్కా, ఇయ్యాల ఏందో వాసన తేడాగా ఉంది. మందు వాసన మాదిరి."

"ఈ నెలంతా ఊరు ఊరే మందు వాసన గదరా."

"కాదక్కా, ముంతలోనే…"

"ఒరేయ్ బ్రహ్మం, నా నాలిక కన్నా నీ ముక్కు గొప్పదయిందేందిరా? నేను చూశాలే, తాగు."

బ్రహ్మం సిగ్గుపడినట్టు నవ్వాడు. "నువ్వు చూశాక ఇంకేంది" అని ఖాళీ కడుపున ముంత ఎత్తి పట్టి ఆపకుండా తాగాడు. తువ్వాలుతో మూతి తుడుచుకుని క్వారీకి పోయాడు.

పది గంటలకు క్వారీలో పడిపోయాడు. ఊరి ఆరెంపీ డాక్టరు సుందరరావు చూసి, నోట్లో నురగ చూసి, నరసరావుపేట తీసుకుపొమ్మన్నాడు. అక్కడ పురుగుమందు అన్నారు. మూడో రోజు పోయాడు. తిరుపతమ్మ కూడా ఆ మధ్యాహ్నం రెండుసార్లు వాంతి చేసుకుంది. బీరు పడలేదనుకుంది.

పోలీసులొచ్చి పాకలో మిగిలిన కల్లు పట్టుకుపోయారు. అది వేరే చెట్లది, అందులో ఏమీ లేదు. బ్రహ్మం ముంతను ఆమె ఆ పొద్దునే కడిగేసింది. ఇంక మిగిలింది మనుషుల మాట. తిరపతమ్మ రుచి చూసిన కల్లులో మందుండదని ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది. అయితే బ్రహ్మమే తాగి ఉండాలి. ఎందుకు తాగాడు? ముందు రోజు మొగుడూ పెళ్ళాం కేకలేసుకున్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. పెళ్ళాం సుభాషిణి నోటికి జడిసి మందు తాగాడు పాపం అన్నారు. సంసారమన్నాక కేకలుండని కొంప ఏది? ఆ మాత్రానికే సుభాషిణి మొగుణ్ణి చంపుకున్న మనిషైంది. కన్న తల్లే ఆమెను పక్కకు పిలిచి, ఏమన్నావే ఆణ్ణి అని అడిగిందట.

పిచ్చియ్య ఆ వారంలో గట్టు మీద కుర్రతాడి ఎక్కి, దిగొచ్చి, పాకలో కూలబడ్డాడు.

"మట్టలన్నీ డ్రోను మందు మరకలేనే. ఇంకా గుప్పుమంటన్నయ్. ఆ రోజు నేను చీకట్లో దించా, వాసన చేలోదనుకున్నా. నీకెట్టా తెలవలా?"

తిరుపతమ్మ అప్పుడు చెప్పింది, నాలుగేళ్ళ సంగతీ. పిచ్చియ్య లేచి వెళ్ళి పాక తడిక మూశాడు. తర్వాత, "నోరెత్తమాక. ఎత్తితే ఇద్దరం జైల్లో ఉంటాం. వెంకట్రామయ్య చెట్లియ్యడు, బతకనియ్యడు. పోయినోడు ఎటూ రాడు" అన్నాడు.

పోయినవాడు రాడు. కానీ ఉన్నదాన్ని రోజూ చంపుతున్నారు కదా.  తెచ్చిపెట్టేవాళ్ళు లేక వీధిలో సుభాషిణి బిందె పట్టుకుని ఒక్కతే వెళ్తుంటే, ఆడవాళ్ళు పంపు దగ్గర పక్కకు జరగడం తిరుపతమ్మ కళ్ళారా చూసింది.

పెద్దదినం రోజు బ్రహ్మం ఇంటి ముందు టెంటు వేశారు. భోజనాలకు ముందు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. వెంకట్రామయ్య నాలుగు మంచి మాటలు చెబుతూ చెబుతూ, "ఆడమనిషి నోరు కొద్దిగా అదుపులో పెట్టుకునుంటే ఇయ్యాల ఈ కర్మ పట్టేది కాదు" అన్నాడు. గడపలో కూర్చున్న సుభాషిణి తల ఇంకా వంచుకుంది.

తిరుపతమ్మ లేచింది. పిచ్చియ్య కొంగు పట్టుకుని లాగాడు. విడిపించుకుంది.

"ఆ పిల్లననమాకండి. ఆడు మందు తాగలా. నేనే తాగిచ్చా. మీ డ్రోను కొట్టిన మందు నా ముంతలో పడింది. నేను చూసి తాగమన్నా."

వెంకట్రామయ్య మొహం నల్లబడింది. "తిక్కతిక్కగా మాట్లాడతన్నావేందమ్మా? నువ్వు చూస్తే మందు వాసన పట్టకుండా ఉంటావా?"

"నాకు వాసన తెలవదు. కరోనా కాడ్నించి లేదు."

ఎవరో నవ్వారు కూడా. మనిషి పోయిన దిగులుతో మతి చలించిందన్నారు. అప్పుడు సుందరరావు లేచి తన సంచీలోంచి స్పిరిటు సీసా తీశాడు. ఆమెను కళ్ళు మూసుకోమని, దూది ముద్ద ముంచి ముక్కు కింద పెట్టాడు. స్పిరిటు ఘాటు చివరి వరసలో వాళ్ళ దాకా కొట్టింది.  తిరుపతమ్మ కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది. కొంచెంసేపు చూసి అడిగింది.

"పెట్టవయ్యా, ఇంకా పెట్టలేదేం?"

ఎవరూ నవ్వలేదు. సుందరరావు దూది కిందికి దించాడు. వెంకట్రామయ్య ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని టెంటు బయటికి నడిచాడు. పిచ్చియ్య రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

సుభాషిణి గడపలోంచి లేచి వచ్చింది. కొడుతుందేమోనని పక్కనున్నవాళ్ళు అడ్డం రాబోయారు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. పదకొండు రోజులుగా ఏడ్చిన గొంతు ఉండీ లేనట్టుగా ఉంది.

"వదినా, ఆ పొద్దున ఆయన ఏమన్నా అన్నాడా, తాగేముందు?"

అబద్ధం చెప్పడానికి అప్పటికీ దారి ఉంది. తిరుపతమ్మ ఆ దారి పోలేదు.

"వాసన తేడాగా ఉందన్నాడమ్మా. నేనే… నేను చూశాలే, తాగమన్నా."

సుభాషిణి ఆమె మొహంలోకి చూసింది.

"నీకు ముక్కు లేదని ఆ నాడే చెప్పుంటే, ఆయన తన ముక్కు తను నమ్ముకునేవోడు గదా వదినా."